నర్సమ్మ మళ్ళీ బడికి వెళ్ళింది

బేగం బజారు తెలియని వారెవరు? స్టీలు గిన్నెలు, ఎండుమిర్చి, పసుపు, పెళ్ళి సామాను అన్నీ అక్కడే కొంటారు. ఆ బజారు దాటి మూసీ వైపు వస్తే అఫ్జల్‌గంజ్. అక్కడే ఉస్మానియా ఆస్పత్రి. ఇటు నాంపల్లి దాటితే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి. 1949లో నీలోఫర్ యువరాణి దగ్గర పనిచేసే ఒకామె కాన్పులో చనిపోయింది. ఆ బాధతోనే యువరాణి ఈ ఆస్పత్రి కోసం పట్టుబట్టింది. 1953లో ఆస్పత్రి తెరిచారు.

కాన్పుకు వెళ్ళిన తల్లి పక్కన ఎక్కువసేపు ఉండేది నర్సమ్మే. మరి ఆమె చదువు ఎప్పుడు అయిపోతుంది? సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజునే అని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు.

ఊళ్ళో టీకాలు వేసే ఏ.ఎన్.ఎం. రెండేళ్ళు చదువుతుంది. ఆస్పత్రి నర్సు మూడేళ్ళ జి.ఎన్.ఎం. గాని, నాలుగేళ్ళ బి.ఎస్సీ. గాని చదువుతుంది. తర్వాత కూడా కొత్త సంగతులు వస్తూనే ఉంటాయి. ఒకప్పుడు సూదులను నీళ్ళలో మరగబెట్టి మళ్ళీ వాడేవారు. ఇప్పుడు ఒక సూది ఒక్కసారికే. లేకపోతే ఒకరి రక్తంలోని ఎయిడ్స్, కామెర్లు మరొకరికి అంటుతాయి. ఒకప్పుడు ముర్రుపాలు పిండి పారబోసేవారు. ఇప్పుడు నర్సమ్మే బిడ్డకు గంటలోపు ఆ పాలు పట్టిస్తుంది.

పనిలో ఉండి చదవడం ఈ ఊరికి కొత్త కాదు. రూపాబాయి ఫర్దూంజీ అనే డాక్టరమ్మ 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరింది. ఆపరేషన్ నొప్పి తెలియకుండా రోగికి క్లోరోఫారం మత్తు ఇవ్వడం ఆమె పని. ఎన్నో ఏళ్ళ అనుభవం ఉంది. అయినా 1909లో సముద్రం దాటి ఎడింబరో వెళ్ళి మళ్ళీ చదువుకుంది!

ఇక కాన్పుల సంగతి. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పులు జరిగితే 60 ఆపరేషన్‌తోనే. దేశంలో ఇదే అందరికన్నా ఎక్కువ. అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. అవసరం లేకుండా చేస్తే కోత, నొప్పి, ఖర్చు, మళ్ళీ కాన్పుకు ప్రమాదం. ముహూర్తం చూసి కోయించుకునే వారూ ఉన్నారు. పంచాంగం చూసి బిడ్డను కనడమేమిటో!

2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఆస్పత్రి కలిసి ఒక పని మొదలుపెట్టాయి. ఆ ఆస్పత్రి 1948లో అబిడ్స్ దగ్గర బొగ్గులకుంటలో పుట్టింది. మొదట 30 మంది ప్రభుత్వ నర్సులను ఎంచుకున్నారు. 18 నెలల చదువు. చదువయ్యాక వారిని మిడ్‌వైఫ్ అంటారు.

అంతకుముందే కాన్పులు చేసిన నర్సుకు మళ్ళీ పాఠాలెందుకు? పాత పద్ధతిలో తల్లిని వెల్లకిలా పడుకోబెట్టేవారు. “ఊఁ, ముక్కు” అని గదమాయించేవారు. ఇంటివాళ్ళను బయటే ఆపేవారు. కొత్త పాఠం వేరు. నొప్పుల్లో తల్లి అటూ ఇటూ నడవచ్చు. నీళ్ళు తాగవచ్చు. గొంతుకూర్చోవచ్చు, పక్కకు తిరిగి పడుకోవచ్చు. అమ్మో, అక్కో పక్కన ఉండవచ్చు. మిడ్‌వైఫ్ మాటిమాటికీ బిడ్డ గుండె చప్పుడు వింటుంది. చప్పుడు తగ్గినా, రక్తం ఎక్కువ పోయినా, బి.పి. పెరిగినా వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఏళ్ళ తరబడి చేసిన అలవాటును మానుకోవడమే ఈ చదువులో కష్టమైన భాగం.

గర్భిణీకి ఇచ్చే తల్లీబిడ్డల కార్డు మీ చేతిలోనే ఉంటుంది గదా. అందులో బరువు, రక్తం, బి.పి. అంకెలు రాసి ఉంటాయి. ఇప్పుడు మీరు చదవగలరు. రక్తం 11 కన్నా తక్కువ ఉన్నా, బి.పి. 140/90 గాని అంతకు మించి గాని ఉన్నా, “సిస్టర్, ఈ అంకె ఏమిటి?” అని అడగండి.