దైవప్రవక్త (స) స్మృతిలో హజ్రత్ ఖదీజా (ర)

హిజ్రత్‌కు సుమారు మూడేళ్ళ ముందు, క్రీ.శ. 619 ప్రాంతంలో, హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) మక్కాలో కన్నుమూశారు. అప్పటికి జనాజా నమాజు విధి కాలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) స్వయంగా సమాధిలోకి దిగి, హజూన్ శ్మశానంలో ఆమెను మట్టికి అప్పగించారని చరిత్రకారులు రాశారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే పెదతండ్రి అబూ తాలిబ్ కూడా మరణించడంతో ఆ ఏడాదికి ‘ఆముల్ హుజ్న్’, అంటే దుఃఖ సంవత్సరం, అనే పేరు స్థిరపడింది.

సీరత్ గ్రంథాలలో హజ్రత్ ఖదీజా అధ్యాయం సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. హదీసు గ్రంథాలు తిరగేస్తే మాత్రం ఆ అధ్యాయం ఇక్కడి నుండే మళ్ళీ మొదలవుతుంది. మదీనాలో, కొత్త ఇళ్ళ నడుమ, కొత్త బాధ్యతల నడుమ, ఆ పేరు మాటిమాటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఆమె జీవితం పాఠకులకు కొత్త కాదు. ఖురైషు తెగలోని అసద్ వంశీకురాలు. రెండుసార్లు వైధవ్యం పొందినా, లాభంలో వాటా ఇచ్చే పద్ధతిపై మనుషులను నియమించి స్వయంగా వర్తకం నడిపించిన దక్షురాలు. ఆమె సరుకుతో, ఆమె సేవకుడు మైసరాను వెంటబెట్టుకొని సిరియా వెళ్ళివచ్చిన యువకుని నిజాయితీయే ఆ వివాహానికి మూలం. అప్పుడు ఆయనకు 25 ఏళ్ళు. ఆమెకు 40 ఏళ్ళని ప్రసిద్ధి. 28 అని చెప్పే ప్రాచీన ఉల్లేఖనం కూడా ఉంది. ఆ వివాహం తరువాత ఆరుగురు బిడ్డలు కలిగారు కనుక రెండవదే సబబని కొందరు పండితుల అభిప్రాయం. ఈ లెక్క తేలకపోయినా ఆమె ఔన్నత్యానికి వచ్చే లోటేమీ లేదు. సుమారు 25 ఏళ్ళ ఆ దాంపత్యంలో ఆయన మరొక వివాహం చేసుకోలేదు.

హిరా గుహ నుండి వణుకుతూ వచ్చిన భర్తకు దుప్పటి కప్పిన తరువాత ఆమె చెప్పిన ఊరడింపు మాటలలో ఒక విశేషం ఉంది. ఆమె అద్భుతాల ప్రసక్తి తేలేదు. బంధుత్వాలను నిలుపుతారు, బరువు మోయలేనివారి భారం మోస్తారు, అతిథులను ఆదరిస్తారు, అటువంటి వారిని అల్లాహ్ అవమానం పాలుచేయడు అన్నది ఆమె వాదం. పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో ఉండి చూసిన మనిషి ఇచ్చిన సాక్ష్యమది. తరువాత షిఅబ్ అబీ తాలిబ్‌లో మూడేళ్ళ బహిష్కారం వచ్చింది. ఒకనాడు మక్కాలో గొప్ప ధనవంతురాలైన ఆమెకు మేనల్లుడు హకీం బిన్ హిజాం చాటుగా గోధుమలు చేర్చవలసి వచ్చింది.

ఇక ఆమె గతించిన తరువాతి సంగతి. ఇంట్లో మేకను కోసినప్పుడు దైవప్రవక్త (స) మాంసాన్ని భాగాలు చేసి హజ్రత్ ఖదీజా స్నేహితురాళ్ళ ఇళ్ళకు పంపేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ చెబుతున్నాయి. ఇది ఒకనాటి పని కాదు, అలవాటు. ఇమాం బుఖారీ ఈ హదీసును ‘హుస్నుల్ అహ్ద్’ ఈమాన్‌లో భాగమనే శీర్షిక కింద చేర్చారు. ‘అహ్ద్’ అంటే ఒడంబడిక అని తెలుగులో రాస్తే కాగితం మీది ఒప్పందం గుర్తుకొస్తుంది. ఇక్కడ ఆ అర్థం పొసగదు. పాత అనుబంధానికి లోటు రానీయకపోవడం అంటే చాలావరకు దగ్గరగా ఉంటుంది.

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (ర) మక్కా దారిలో ఒక పల్లెవాసికి తాను ఎక్కే గాడిదనూ, తలపాగానూ ఇచ్చివేసి, అతని తండ్రి తన తండ్రికి మిత్రుడని కారణం చెప్పారు. ఈ ఉదంతాన్ని వ్యాఖ్యానిస్తూ ఇమాం నవవీ, తల్లి స్నేహితులూ, భార్యాభర్తల స్నేహితులూ ఈ కోవలోకే వస్తారని, హజ్రత్ ఖదీజా స్నేహితురాళ్ళ హదీసునే అందుకు ఆధారం చూపారు. ముస్లిం ఇళ్ళల్లో తల్లి పోయిన మూడో నాడు జియారత్‌కూ, నలభయ్యో నాడు చాలీస్వాఁకూ ఊరంతా కదిలివస్తుంది. ఆ తరువాత ఆమెతో జీవితమంతా కష్టసుఖాలు పంచుకున్న పక్కింటి ముసలమ్మ గుమ్మం ఎందరు కొడుకులు తొక్కుతున్నారు?

ఒకనాడు హజ్రత్ ఖదీజా చెల్లెలు హాలా మదీనాకు వచ్చి లోపలికి రావడానికి అనుమతి కోరారు. ఆ అడిగే తీరులో గతించిన భార్య తీరు స్ఫురించి ఆయన చలించిపోయారు. వచ్చింది హాలాయే కావాలని ఆశపడ్డారు. ఈ దృశ్యం చూసి అసూయ చెందానని చెప్పింది ఎవరో కాదు, హజ్రత్ ఆయిషా (ర). పళ్ళూడిన ఖురైషు వృద్ధురాలిని ఇంకెంతకాలం తలచుకుంటారు, అల్లాహ్ అంతకంటే మంచి భార్యను ఇచ్చాడు కదా అనే భావంతో ఆమె మాట్లాడారు. ముస్నద్ అహ్మద్‌లో దీనికి జవాబు ఉంది. అంతకంటే ఉత్తమురాలు తనకు లభించలేదని, జనం తిరస్కరించిన వేళ ఆమె విశ్వసించిందని, జనం లేదన్నప్పుడు తన ధనం ఇచ్చిందని, ఆమె ద్వారానే అల్లాహ్ సంతానం ప్రసాదించాడని ఆయన బదులిచ్చారు.

సహీహ్ ముస్లింలో మరొక సమాధానం ఇంకా క్లుప్తం. ఆమెపై ప్రేమ తనకు ‘రిజ్ఖ్’గా ఇవ్వబడిందని ఆయన సెలవిచ్చారు. ఈ పదాన్ని తెలుగువారు ‘ఉపాధి’ అని అనువదించుకుంటారు. ఈ చోట అది నవ్వు తెప్పిస్తుంది. అన్నం, నీరు, సంతానం ఎవరి దయతో లభిస్తాయో ఆ ప్రేమ కూడా ఆయన దయతోనే లభించిందని భావం. అల్లాహ్ ఇచ్చిన దానిని, మనిషి పోయినంత మాత్రాన దాచిపెట్టనక్కరలేదు. రెండో పెళ్ళి జరిగిన ఇళ్ళల్లో కొత్త కోడలు నొచ్చుకుంటుందని మొదటి ఇల్లాలి పేరే ఎత్తనివ్వరు. పిల్లలు సైతం తల్లిని గుసగుసగా తలచుకోవలసిన దుస్థితి. దైవప్రవక్త (స) ఇంట ఆ పేరు బాహాటంగా పలికేవారు.

హజ్రత్ ఆయిషా గొప్పతనాన్ని కూడా ఇక్కడ గుర్తించాలి. తాను కలిసి కాపురం చేయని సవతి గురించి, తన అసూయను తానే ఒప్పుకుంటూ, భర్త చెప్పిన ప్రశంసలను అక్షరం తగ్గించకుండా సమాజానికి అందించారు. ఆమె మౌనం వహిస్తే ఈ స్మృతిలో అధికభాగం నేటికి దక్కేదే కాదు.

పిల్లల విషయానికి వస్తే బద్ర్ యుద్ధం (హి.శ. 2) తరువాతి సంఘటన మరపురానిది. ఖైదీలలో పెద్ద కుమార్తె జైనబ్ (ర) భర్త అబుల్ ఆస్ కూడా ఉన్నారు. ఆయన పైన చెప్పిన హాలా కుమారుడే. అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. విడుదల సొమ్ముగా జైనబ్ మక్కా నుండి పంపిన దానిలో ఒక కంఠహారం ఉంది. అది పెళ్ళినాడు తల్లి ఖదీజా కూతురి మెడలో వేసి పంపినది. దానిని చూడగానే దైవప్రవక్త (స) హృదయం ద్రవించింది. అయినా ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు. ఆ సొమ్ము ముస్లిములందరిదీ గనుక, మీకు సమ్మతమైతే ఖైదీని విడిచి ఆమె వస్తువును ఆమెకు తిరిగి ఇవ్వండని సహచరులను అడిగారు. వారు సమ్మతించారు. జైనబ్‌ను మదీనాకు పంపాలనే షరతుపై అబుల్ ఆస్ విడుదలయ్యారు. హారం మక్కాకు తిరిగి వెళ్ళింది.

కొన్నేళ్ళకు అబుల్ ఆస్ ఇస్లాం స్వీకరించి మదీనా చేరారు. హి.శ. 8లో జైనబ్ మరణించారు. ఆమెకు ఉమామా అనే చిన్న కూతురు. దైవప్రవక్త (స) నమాజు చేయిస్తుండగా హజ్రత్ ఖదీజా మనుమరాలైన ఈ బిడ్డ ఆయన భుజంపై ఉండేదని, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారని హజ్రత్ అబూ ఖతాదా (ర) తెలిపారు.