సెల్‌ఫోనున కొన్న విత్తనము: రైతు హక్కు

టమాటా విత్తనములు ఇప్పుడు మదనపల్లె అంగళ్లలోనే గాక సెల్‌ఫోను ద్వారా కూడ దొరకుచున్నవి. ఇందు అమ్మువాని ముఖము కానరాదు. విత్తనము మొలవనిచో ఎవరి నడుగవలెనను దిగులు నిమ్మనపల్లె రైతులకు సహజమే. సొమ్ము మరల సంపాదింపవచ్చును. తప్పిన అదను తిరిగి రాదు. కావున చట్టము చెప్పునది సభ్యులకు తెలుపుచున్నాము.

విత్తనము కొన్న రైతు వినియోగదారుడు కాడని జాతీయ విత్తన సంస్థ వాదింపగా, సుప్రీంకోర్టు 2012లో ఆంధ్రప్రదేశ్ రైతుల పక్షమున తీర్పు చెప్పినది. పరీక్షకై రైతు విత్తనము దాచియుంచవలెననుట సరి కాదనియు పలికినది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చినది. అమ్మువాడు ఏ పట్టణమున నున్నను, రైతు తాను నివసించు జిల్లాలోని కమిషనునందే రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. ఫోను ద్వారా అమ్ము సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమింపవలెను. అతడు 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను.

అయితే ఆధారము లేని హక్కు గింజ లేని కంకివంటిది. బిల్లును, లాటు నంబరుగల సంచిని, ఫోనులోని ఆర్డరును భద్రపఱచుడు. మొలక తప్పినచో దున్నివేయకముందే వ్యవసాయాధికారికి పొలము చూపి, వ్రాతమూలకముగా నివేదిక కోరుడు. సలహాకు 1915 నంబరు కలదు. ఒకే లాటు వలన నష్టపడినవారు కమిషను అనుమతితో కలిసి ఫిర్యాదు చేయవచ్చును. సహకారమునకు ఇంతకంటె తగిన సమయ మేది?