వెయ్యి గజాల గురి: మీకు తెలుసా?

వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అంత దూరంలో నిలబడ్డ మనిషి, చేయి చాచి పట్టుకున్న బియ్యపు గింజ కన్నా చిన్నగా కనిపిస్తాడు. అక్కడ అన్నం పళ్లెమంత వృత్తాన్ని ఇక్కడ నేల మీద బోర్లా పడుకుని కొట్టే క్రీడ ఒకటుంది. మంచి తుపాకీ ఉంటే ఎవరైనా కొడతారనుకుంటాం. ఎన్నో ఏళ్లుగా ఈ విద్య నేర్చినవాళ్లు చెప్పేది వేరు. తుపాకీ, దాని మీది అద్దం (స్కోప్), తూటా ఈ మూడింటికీ జత కుదరాలి, ఆ పైన గాలిని చదవడం రావాలి. అది ఎంత లోతైన విషయమో ఈ విశేషాలు చూస్తే అర్థమవుతుంది.

1. పేరులోనే గాడి ఉంది

రైఫిల్ అన్న పేరు గొట్టం లోపల మెలికలు తిరుగుతూ చెక్కిన గాడుల నుంచి వచ్చింది. తాడు చుట్టి వదిలిన బొంగరం ఎందుకు నిలబడుతుందో, ఆ గాడుల్లో తిరిగి బయటపడ్డ గుండు కూడా అందుకే తలకిందులు కాకుండా ముక్కు ముందుకే పెట్టి పోతుంది. ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడి ఉన్న గొట్టం నుంచి సెకనుకు 820 మీటర్ల వేగంతో వెలువడిన గుండు నిమిషానికి సుమారు 2,40,000 చుట్ల లెక్కన తిరుగుతుంది. గుండు ఎంత పొడుగైతే అంత బిగువైన మెలిక కావాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రైఫిల్ ఎంచుకునేటప్పుడు మెరుగులు చూడరు. గొట్టం మెలిక ఎంత, అందులో వాడబోయే గుండు పొడవెంత అని ముందు అడుగుతారు.

2. తొలి గుండు రాణిగారిది

1860 జులై 2న లండన్ దగ్గర వింబుల్డన్ మైదానంలో బ్రిటన్ జాతీయ రైఫిల్ సంఘం తన తొలి పోటీలు పెట్టింది. విక్టోరియా రాణి పట్టుతాడు లాగి తొలి గుండు పేల్చారు. ఇనుప పీట మీద బిగించి ముందే గురి సరిచేసిన విట్‌వర్త్ రైఫిల్ అది. 400 గజాల దూరంలోని లక్ష్యం నడిబొడ్డుకు అంగుళంపావు దూరంలో గుండు తగిలింది. విట్‌వర్త్ గొట్టం లోపల గుండ్రంగా కాక ఆరు పలకలుగా ఉండేది. 1890లో ఆ పోటీలు బిస్లీకి మారాయి, ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి. పెద్ద బహుమతి గెలిచినవారిని కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద ఊరేగిస్తారు.

3. పక్క లక్ష్యం కొట్టి ఓడిన జట్టు

1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండ్, అమెరికా జట్లు తలపడ్డాయి. దూరాలు 800, 900, 1,000 గజాలు. ఐరిష్ వాళ్లవి మూతి నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్లు, అమెరికన్లవి వెనుక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లు. ఐరిష్ జట్టులో ఒకాయన గుండు చక్కగా నడిమధ్యన తగిలింది, కానీ తగిలింది పక్కవాళ్ల లక్ష్యానికి. లెక్కలో సున్నా వేశారు. చివరికి అమెరికా 934, ఐర్లండ్ 931. మూడే మూడు పాయింట్ల తేడా. ఆ మైదానం పేరే 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటాకు పెట్టారు. ఈనాడు దూరపు గురి ఆడేవాళ్లు ఎక్కువగా చెప్పుకునే తూటాల్లో అదొకటి.

4. గుండు బరువు గింజల్లో

మన కంసాలి గురివింద గింజతో బంగారం తూచినట్టే, ఇంగ్లండులో ధాన్యపు గింజతో తూచేవారు. ఆ కొలత తూటాల లోకంలో ఇంకా బతికే ఉంది. పెట్టె మీద 140 గ్రెయిన్లు అని ఉంటే గుండు బరువు తొమ్మిది గ్రాములన్నమాట. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. తెలియనివాళ్లు అది మందు బరువనుకుంటారు. పెట్టె మీద పెద్దగా వేసే అంకె గుండుదే.

5. గుండు గొట్టం గీతను దాటి పైకి లేవదు

గొట్టం దాటిన క్షణం నుంచే గుండు గొట్టం చూపే గీత కన్నా కిందికి జారడం మొదలవుతుంది. గొట్టాన్ని కాస్త ఎత్తి పెడతాం కాబట్టే మొదట కాస్త పైకి వెళ్తుంది, అంతే. 100 గజాలకు గురి సరిచేసిన .308 (గుండు వెడల్పు, అంగుళాల్లో) రైఫిల్‌తో అదే గురి మీద 1,000 గజాల లక్ష్యాన్ని కొట్టబోతే, గుండు సుమారు 10 మీటర్లు కిందికి పోతుంది. మూడంతస్తుల మేడ ఎత్తు! దూరం కొలవడంలో కొద్దిపాటి పొరపాటు జరిగినా ఫలితం తారుమారయ్యేది ఇందువల్లే.

6. స్కోప్ చేసే టిక్కు టిక్కు ఒక లెక్క

ఆ 10 మీటర్లను సరిచేసేది స్కోప్ మీది మర. దాని కొలత కోణంలో ఉంటుంది. ఒక పద్ధతిలో డిగ్రీని అరవై భాగాలు చేస్తారు. అందులో ఒక భాగం 100 గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం, 1,000 గజాల దగ్గర దాదాపు పది అంగుళాలు. మరో పద్ధతి మిల్లీరేడియన్. అది 100 మీటర్లకు 10 సెంటీమీటర్లు, 1,000 మీటర్లకు సరిగ్గా ఒక మీటరు. మీటర్లలో చదువుకున్న మనకు రెండోదే సులువు. మర ఒక పద్ధతిలో, లోపలి గీతలు మరో పద్ధతిలో ఉన్న స్కోప్ కొంటే ప్రతి గుండుకీ కూడికలూ తీసివేతలూ తప్పవు.

7. పెద్దగా కనిపిస్తే మేలా?

స్కోప్ కొనేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని రెట్లు?" అని. ముందు కటకం వెడల్పును ఆ రెట్లతో భాగించి చూడండి. 50 మిల్లీమీటర్ల కటకం, పది రెట్లు అయితే కంటికి చేరే కాంతి కిరణం వెడల్పు 5 మిల్లీమీటర్లు. అదే ఇరవై అయిదు రెట్లకు పెంచితే 2 మిల్లీమీటర్లే. బొమ్మ పెద్దదవుతుంది, వెలుతురు తగ్గుతుంది. చూపు పరిధి ఇరుకవుతుంది, చేతి వణుకూ వేడి గాలి అలలూ కూడా అన్ని రెట్లూ పెద్దవవుతాయి. ఇంకో చిన్న పరీక్ష ఉంది. తుపాకీని కదలనివ్వకుండా తల మాత్రం అటూ ఇటూ జరపండి. లోపలి గీతలు లక్ష్యం మీద జరుగుతుంటే ఆ దూరానికి స్కోప్ ఇంకా సరిపడలేదని అర్థం. దూరం పెరిగేకొద్దీ ఈ తప్పుకు మూల్యం ఎక్కువ.

8. అద్దమే లేని ఒలింపిక్ గురి

చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. ఆ పోటీలో దూరదర్శిని స్కోప్‌కు అనుమతి లేదు. కంటి దగ్గర చిన్న రంధ్రం, గొట్టం చివర ఒక వలయం ఉంటాయి, అంతే. పది పాయింట్లిచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, అంటే చీటీ మీద పెన్నుతో పెట్టిన చుక్కంత. శ్వాస, నిలకడ, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి అక్కడ కుదిరినవాళ్లకే వెయ్యి గజాల దగ్గర అద్దం ఉపయోగపడుతుంది.

9. ఒకే కంపెనీ, ఒకే పేరు, వేరే ఫలితం

50 మీటర్ల పోటీల్లో ఆడేవాళ్లు .22 తూటాలను కేవలం పేరు చూసి కొనరు. తమ రైఫిల్‌ను తీసుకుని తయారీదారుల పరీక్ష కేంద్రానికి వెళ్తారు. అక్కడ దాన్ని బిగించి వేర్వేరు విడతల్లో తయారైన తూటాలను పేల్చి చూస్తారు. ఏ విడత గుళ్లు దగ్గరదగ్గరగా పడ్డాయో ఆ విడతవే పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు. పక్కవాడి గొట్టానికి అద్భుతంగా నప్పిన విడత మన గొట్టానికి నప్పకపోవచ్చు. కాబట్టి "ఏ తూటా మంచిది?" అన్న ప్రశ్నకు జవాబు అంగట్లో దొరకదు, కాగితం మీద పడిన రంధ్రాల్లో దొరుకుతుంది.

10. గొట్టం ఆయుష్షు నాలుగు సెకన్లు

గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ సేపు. పోటీల్లో వాడే గొట్టం రెండు మూడు వేల గుళ్ల తర్వాత పదును కోల్పోతుందనుకుంటే, అది నిజంగా పనిచేసిన కాలమంతా కలిపినా మహా అయితే నాలుగు సెకన్లే! మండే మందు వేడికి గాడుల మొదలు కరిగి అరిగిపోతుంది. సన్నటి గొట్టంలో ఎక్కువ మందు మండించే తూటాలతో ఈ అరుగుదల ఇంకా త్వరగా వస్తుంది. వేగం కావాలంటే గొట్టాన్ని ఖర్చు పెట్టుకోవాలి.

11. ఎండమావి చెప్పే రహస్యం

గంటకు 16 కిలోమీటర్ల గాలి పక్క నుంచి వీస్తే .308 గుండు 1,000 గజాల దగ్గర రెండు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. సన్నగా పొడుగ్గా ఉండే 6.5 మిల్లీమీటర్ల గుండు అదే గాలిలో అంతకన్నా తక్కువ జరుగుతుంది. 6.5 క్రీడ్‌మూర్ తూటాకు పేరు రావడానికి ఇదో ముఖ్య కారణం. కానీ గాలిని లెక్కేసే యంత్రం దారి పొడవునా పెట్టలేం. జెండాలు చూడాలి, గడ్డి చూడాలి, ముఖ్యంగా ఎండమావి చూడాలి. మే నెలలో మన తారు రోడ్డు మీద నీళ్లలా ఊగే అలలు ఉన్నాయే, అవే. అలలు నిలువుగా ఉడుకుతుంటే గాలి లేనట్టు, లేదా సూటిగా ఎదురుగానో వెనకగానో వీస్తున్నట్టు. వాలుగా పారుతుంటే గాలి ఆ వైపు పోతున్నట్టు. ఇంకో సంగతి: లక్ష్యం దగ్గరి గాలి కన్నా మన దగ్గరి గాలే సాధారణంగా ఎక్కువ చెరుపు చేస్తుంది. మొదట్లో దారి తప్పిన గుండు మిగతా దూరమంతా ఆ తప్పును పెంచుకుంటూ పోతుంది మరి.

12. భూమి కూడా తిరుగుతోంది

గుండు గాలిలో ఉన్న ఆ సెకనున్నర పైచిలుకు కాలంలో భూమి తిరగడం ఆపదు. హైదరాబాద్ అక్షాంశం దగ్గర లెక్కకడితే, 1,000 గజాల దగ్గర గుండు ఇందువల్ల కుడికి మూడు నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది. ఇది నిజమే అయినా, మీటర్లలో తోసే గాలి ముందు చాలా చిన్నది. కొత్తవాళ్లు భూభ్రమణం గురించి గంటలు చర్చించి జెండా చూడటం మరిచిపోతుంటారు.

13. యుద్ధంలో నిషిద్ధం, వేటలో తప్పనిసరి

కోల్‌కతా దగ్గరి డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో 1890లలో తయారైన, తగలగానే విచ్చుకునే గుండుకు ఆ ఊరి పేరే పడింది. 1899 హేగ్ ఒప్పందం యుద్ధంలో అలాంటి గుళ్లను నిషేధించింది. అయితే ఇంగ్లండ్, వేల్స్‌లో జింకల వేటకు 1991 నాటి చట్టం విచ్చుకునే గుండునే వాడమంటుంది. సగం గాయంతో పారిపోయిన జంతువు రోజుల తరబడి యాతన పడకూడదని ఆ నియమం. లక్ష్యాల పోటీకి చేసిన గుండు ముక్కున చిన్న రంధ్రం కనిపించినా, అది తయారీలో మిగిలే గుర్తే తప్ప విచ్చుకోవడానికి పెట్టింది కాదు. ఒక పనికి చేసిన తూటా ఇంకో పనికి వాడకూడదనడానికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ లేదు.

14. రాబందును చంపిన సీసం

కాలిఫోర్నియా కాండోర్ అనే భారీ రాబందులు 1982లో 22 మాత్రమే మిగిలాయి. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని సీసపు తునకలు తిని విషమెక్కి చావడం వాటికి పెద్ద ముప్పుగా తేలింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాలు పూర్తిగా మానిపించింది. బదులుగా రాగి గుండు వచ్చింది. రాగి సీసం కన్నా తేలిక లోహం కాబట్టి అదే బరువుకు గుండు పొడుగవుతుంది. పొడుగు గుండుకు బిగువైన మెలిక కావాలని మొదటి విశేషంలో చెప్పుకున్నాం కదా!

15. .315 మన దేశంలో ఎందుకు?

సైన్యం వాడే .303 తూటా సామాన్యుల చేతికి వెళ్లకూడదని బ్రిటిష్ పాలకులు కట్టడి చేశారు. అందుకే మన ఆయుధ కర్మాగారాలు పౌరుల కోసం .315 స్పోర్టింగ్ రైఫిల్ తయారుచేశాయి. అదే బ్రిటిష్ కాలంలో, చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు 1907లో బహుమతిగా అందిన రైఫిల్ .275 రిగ్బీ. క్రీడ్‌మూర్‌లో ఐరిష్ జట్టు వాడిన రైఫిళ్ల మీద ఉన్న పేరే ఇది. ఆ కార్బెట్టే తర్వాతి కాలంలో కెమెరా పట్టుకుని పులుల రక్షణ కోసం నిలబడ్డారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ సరదా వేటకు మన దేశంలో తలుపులు మూసేశాయి.

16. కొట్టకుండా ఆగడం

వేటకు అనుమతి ఉన్న దేశాల్లోనూ దూరపు వేట మీద పెద్ద చర్చే నడుస్తోంది. గుండు వెయ్యి గజాలు చేరేలోపు జింక ఒక అడుగు వేసినా, గుండెకు పెట్టిన గురి కడుపుకు తగులుతుంది. చెక్క లక్ష్యానికి గురి తప్పితే పాయింటు పోతుంది. ప్రాణి విషయంలో అది నరకయాతన. అమెరికాలో 1887 నుంచి ఉన్న బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ లాంటి వేటగాళ్ల సంఘమే, జంతువుకు తప్పించుకునే అవకాశం లేకుండా దూరం నుంచి కొట్టడం న్యాయమైన వేట కాదంటుంది. ఆ మాటే నాకూ సరైనదనిపిస్తుంది. వెయ్యి గజాల విద్య చెక్క మీదా ఉక్కు పలక మీదా చూపించాల్సింది, ప్రాణి మీద కాదు.

మీ ఇంట్లో పిల్లలకు ఈ క్రీడ మీద ఆసక్తి ఉంటే ఖరీదైన రైఫిల్ గురించి ఆలోచించకండి. శిక్షకుడున్న 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజికి తీసుకెళ్లండి, లైసెన్సు నియమాలు అక్కడే అడిగి తెలుసుకోండి. గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు తిప్పకూడదని, లక్ష్యం వెనుక ఏముందో చూడకుండా ట్రిగ్గర్ ముట్టకూడదని మొదటి రోజే నేర్పిస్తారు. అది ఊరికే చెప్పే మాట కాదు. చిటికెన వేలి కన్నా చిన్నదైన .22 గుండు కూడా అడ్డు లేకపోతే మైలు దాటి పోతుంది.