ఎడ్లబండికీ సెస్నాకీ ఒకటే లెక్క

నాలుగు సీట్లున్న విమానంలో నలుగురు ఎక్కొచ్చా? ఎక్కొచ్చు. ట్యాంకులు నిండా ఇంధనం పోయించుకోవచ్చా? పోయించుకోవచ్చు. రెండూ ఒకేసారి చేయొచ్చా? సెస్నా 172ఎస్ విమానంలో చాలాసార్లు కుదరదు.

కంప్యూటర్ మీద విమానం నడిపే సరదా ఉన్నవాళ్లకి ఈ బుల్లి విమానం బాగా తెలిసిందే. బ్రూస్ ఆర్ట్‌విక్ 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం తయారుచేసిన సిమ్యులేటర్ నుంచి ఇప్పటి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఎక్స్-ప్లేన్, ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ దాకా ఈ ఆట చాలా దూరం వచ్చింది. ఈనాటి సిమ్యులేటర్లలో ఇంధనం, బరువుల కోసం ఓ చిన్న పట్టిక ఉంటుంది. ఏ సీటులో ఎంత బరువు, ఏ ట్యాంకులో ఎంత ఇంధనం అని అడుగుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూడకుండానే రన్‌వే మీదికి పరిగెడతారు. నిజం పైలట్‌కి మాత్రం ప్రయాణం మొదలయ్యేది అక్కడే.

లెక్క వేసి చూద్దాం. ఈ సెస్నా 1,157 కిలోలకి మించి బరువుతో నేల విడవకూడదు. ఖాళీ విమానం 770 కిలోలు అనుకుందాం. అమర్చిన పరికరాలని బట్టి ఇది ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటుంది. మనిషికి 75 కిలోల చొప్పున నలుగురికి 300. సంచులు 20. రెండు రెక్కల్లోనూ కలిపి వాడుకోదగ్గ ఇంధనం సుమారు 200 లీటర్లు. ఈ విమానాల పెట్రోలు లీటరు 0.72 కిలోలు తూగుతుంది కాబట్టి మరో 144. మొత్తం 1,234. పరిమితికి 77 కిలోలు ఎక్కువ!

మనుషుల్ని దించడం ఇష్టం లేకపోతే ఇంధనం తగ్గించాలి. 77 కిలోలంటే 107 లీటర్లు. మిగిలేది 93. గంటకి సుమారు 35 లీటర్లు తాగే ఇంజన్‌కి అది రెండున్నర గంటలు దాటి వస్తుంది. పగటిపూట కంటిచూపుతో నడిపే విమానంలో ఇంకో అరగంటకి సరిపడా ఇంధనం చేతిలో ఉండాలన్నది అమెరికా నిబంధన. అది తీసేస్తే మనకి దక్కేది రెండు గంటల ప్రయాణం. ట్యాంకు నింపడమంటే దూరాన్ని కొనుక్కోవడం. ఆ ధర బరువు రూపంలో చెల్లించాలి. బరువు పెరిగితే రెక్కలు మోయడానికి ఎక్కువ వేగం కావాలి, ఎక్కువ రన్‌వే కావాలి. పైకెక్కడం మందగిస్తుంది.

ఇక్కడికి సగం లెక్కే అయింది. మిగతా సగం ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తేవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే కాడి ఎద్దుల మెడలు వదిలి పైకి లేస్తుంది. అన్నీ ముందుకి తోస్తే భారం మెడల మీద పడి ఎద్దులు కుంగుతాయి. బరువు అంతే, ఇరుసుకి అటూ ఇటూ పంపకం మారింది. విమానంలో ఇరుసు పాత్ర రెక్కలది.

సెస్నాలో ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే అడ్డుగోడ నుంచి దూరాలు కొలుస్తారు. ముందు సీట్లు 94 సెంటీమీటర్లు, ట్యాంకులు 122, వెనక సీట్లు 185, సామాను గది 241. ఖాళీ విమానం బరువు 99 దగ్గర ఉందనుకుందాం. ఒక్కో బరువునీ దాని దూరంతో గుణిస్తే భ్రామకం వస్తుంది. భ్రామకాలన్నీ కూడి మొత్తం బరువుతో భాగిస్తే విమానం గరిమనాభి ఎక్కడుందో తేలుతుంది. పూర్తి బరువు మీద అది 104కీ 120కీ మధ్య ఉండాలి. ఇంధనం తగ్గించాక మన నలుగురి విమానానికి 113 వస్తుంది. నిశ్చింతగా ఎగరొచ్చు.

ఇప్పుడు ముగ్గురే వెళ్తున్నారు. అరవై కిలోల పైలట్ ముందు ఒక్కడూ కూర్చున్నాడు. చెరి 95 కిలోలున్న స్నేహితులిద్దరూ కబుర్లాడుకుంటూ వెనక చేరారు. సామాను 54 కిలోలు, ఇంధనం అదే 93 లీటర్లు. మొత్తం 1,141 కిలోలు, అంటే పరిమితికి 16 తక్కువే. గరిమనాభి మాత్రం 121. గీత దాటింది! ఇంధనం ఖర్చయ్యేకొద్దీ సర్దుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. ట్యాంకులున్నది దాదాపు అదే చోట కాబట్టి అవి ఖాళీ అయినా గరిమనాభి కదలదు. స్నేహితుల్లో ఒకర్ని ముందు సీటుకి రమ్మంటే సరి, 114కి వచ్చేస్తుంది.

వెనక బరువుకి ఎందుకింత భయం? ముక్కు కాస్త పైకి లేస్తే దాన్ని మళ్లీ దించే సహజ గుణం గరిమనాభి వెనక్కి జరిగేకొద్దీ సన్నగిల్లుతుంది. వేగం పడిపోయి విమానం స్టాల్ అయితే, అంటే రెక్కల ఎత్తుడు బలం చాలకపోతే, ముక్కు దించి తేరుకోవడం కష్టమవుతుంది. ముందు బరువు ఎక్కువైతే తోక మరింతగా కిందికి నొక్కాలి. దిగేటప్పుడు ముక్కు ఎత్తాలన్నా బలం చాలదు.

సిమ్యులేటర్ లోపల జరిగేదీ ఈ కూడికలు, భాగహారాలే. ఒక్కో సీటునీ, ట్యాంకునీ ఒక బిందువు దగ్గరి బరువుగా తీసుకుని, ఇంధనం తగ్గేకొద్దీ కొత్తగా లెక్కిస్తూ పోతుంది. ‘అపరిమిత ఇంధనం’ మీట నొక్కితే ఈ పాఠం సగం పోయినట్టే.

ఇంధనంతోనే తూకం దిద్దుకున్న విమానమూ ఉంది. ధ్వని వేగం దాటాక కాంకార్డ్ అనే ప్రయాణికుల విమానం రెక్కల మీద ఎత్తుడు బలం పనిచేసే చోటు వెనక్కి జరిగేది. దానికి సరిపడా ఫ్లైట్ ఇంజనీర్లు టన్నుల కొద్దీ ఇంధనాన్ని వెనక ట్యాంకులకి తోడేవారు. వేగం తగ్గేటప్పుడు మళ్లీ ముందుకి తెచ్చేవారు.

లెక్క తప్పితే ఏమవుతుందో 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 చూపించింది. ఇంధనం కొలిచే మీటర్లు పనిచేయడం లేదు. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. లీటరుకి 0.8 కిలోలు అని లెక్కించాల్సిన చోట పాత అలవాటుగా 1.77 వాడారు. అది లీటరుకి పౌన్ల సంఖ్య! ట్యాంకుల్లో ఉన్నది కావలసినదానిలో సగం కన్నా తక్కువ. 41,000 అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ఇంధనం అడుగంటి, ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్ దాన్ని గ్లైడర్‌లా జార్చుకుంటూ గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దించాడు. లోపలున్న 69 మందీ బతికారు.

మీ సిమ్యులేటర్‌లోనూ పౌన్లు, కిలోలు, గ్యాలన్లు, లీటర్లు కలగలిసి కనిపిస్తాయి. ముందు అవి చూసుకోండి. తర్వాత పైన చెప్పిన ముగ్గురినీ ఎక్కించి ఒకసారి ఎగరండి. దిగొచ్చి, పట్టికలో ఒక్క స్నేహితుణ్ణి ముందు సీటుకి మార్చి మళ్లీ ఎగరండి. అదే బరువు, అదే ఇంజన్. తేడా మీ చేతికే తెలుస్తుంది.