నడుస్తున్న సేవపై నిఘా
చిలకలూరిపేట నూలు వ్యాపారి చేసే ప్రతి యూపీఐ చెల్లింపు వెనుక బ్యాంకుల వెబ్ సేవలు, అంటే నెట్‌వర్క్ మీదుగా ఒక కంప్యూటర్ అడిగిన పనిని మరొకటి చేసిపెట్టే ప్రోగ్రాములు, పనిచేస్తుంటాయి. అవి ఒప్పుకున్న గడువులను పాటిస్తున్నాయో లేదో కనిపెట్టే పర్యవేక్షక ప్రోగ్రాము ప్రతి అభ్యర్థననూ, దాని జవాబునూ సమయంతో సహా నమోదు చేసి, ఒప్పందపు షరతులతో పోల్చి, తేడా రాగానే హెచ్చరిస్తుంది. సర్వర్ జవాబిస్తే చాలదు. ఒక ఖాతాలో తగ్గిన సొమ్ము మరో ఖాతాకు చేరకపోతే మాట తప్పినట్టే, అసలు పట్టుకోవలసిన లోపమూ అదే. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి ఆదేశం ప్రకారం, సొమ్ము కోత పడినా దుకాణానికి ధ్రువీకరణ అందని యూపీఐ చెల్లింపును లావాదేవీ తర్వాత 5 రోజుల్లోగా వెనక్కి జమచేయాలి; గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారాన్ని, ఖాతాదారు ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండానే, చెల్లించాలి.