రోగము లేనప్పటి పరీక్ష

రోగము వచ్చిన పిమ్మట వైద్యుని వెదకుట లోకములోని వాడుక. రోగము లేనివారు వైద్యుని యొద్దకు పోవుట మనవారికి వింతగా తోచును. స్త్రీల సమాజపు కూటములలో మేము ఈ సంగతి ఎత్తినపుడెల్ల “ఏ బాధయు లేనిదే ఆసుపత్రికి ఏల పోవలెనమ్మా?” అను ప్రశ్న వచ్చుచునే యున్నది. ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. పిల్లలు చదువు పత్రికలో ఇట్టి విషయములేల యని కొందరు పెద్దలు తలపవచ్చును. తల్లిని పోగొట్టుకొనువారు ఆ పిల్లలే గనుక వారును ఎరిగియుండుట మేలని మా యభిప్రాయము.

పూర్వము మనవారు రాచపుండు అనియు, ఇప్పుడు కేన్సరు అనియు పిలుచు వ్యాధులలో గర్భాశయ ముఖద్వారమునకు వచ్చునది యొకటి. 2022వ సంవత్సరపు అంచనాల ప్రకారము మన దేశములో ఆ యొక్క యేడే సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఇది క్రొత్తగా కనబడెను; సుమారు 80,000 మంది దీనిచేత మరణించిరి. ఇందు మిక్కిలి విచారకరమైన సంగతి యేమనగా, ఈ వ్యాధి హఠాత్తుగా వచ్చునది కాదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ అను సూక్ష్మక్రిమి దీనికి మూలమని కనుగొన్నందుకు జర్మనీ దేశపు పండితుడు హరాల్డ్ జుర్ హౌసెన్ 2008లో నోబెల్ బహుమానము నందెను. ఆ క్రిమి సోకినవారిలో చాలమందికి రెండేండ్లలోపుగా తనంతట తానే పోవును. కొద్దిమందిలో మాత్రము నిలిచిపోయి, అచ్చటి కణములను మెల్లమెల్లగా మార్చి, సాధారణముగా 15, 20 ఏండ్లకు కేన్సరుగా పరిణమించును. ఆ కాలములో నొప్పి యుండదు, వేరు గుర్తు నుండదు. నొప్పి పుట్టునప్పటికి సులభముగా బాగుచేయదగిన కాలము చాలవరకు గడచిపోయి యుండును. బాధ లేనపుడే పోవలెననుటకు కారణమిదియే.

పరీక్షలు పలు విధములు. గ్రీసు దేశమున పుట్టి అమెరికాలో పనిచేసిన పాపనికొలావు అను వైద్యుడు 1943లో ప్రకటించిన గ్రంథము మూలమున ‘పాప్’ పరీక్ష లోకమునకు తెలియవచ్చెను. దానికి సూక్ష్మదర్శినియు, దానిలో చూచి తెలిసికొనగల నిపుణులును కావలెను. మన పల్లెలకు తగిన పరీక్ష మరియొకటి కలదు. సువార్తలలో చిరక యని చదువుచున్నామే, అందలి పులుపునకు కారణమైన ఎసెటిక్ ఆమ్లమును నూటికి 3 మొదలు 5 పాళ్లుగా నీటిలో కలిపి, ముఖద్వారమునకు దూదితో అద్ది, ఒక నిమిషము వేచి చూతురు. మార్పు చెందిన భాగము తెల్లబడును. అంతియే! మత్తుమందు లేదు, కోత లేదు. అట్టి తెల్లని భాగమును తరువాత వైద్యులు నిర్ధారణ చేసి, అవసరమైనచో చలిచేతగాని వేడిచేతగాని నశింపజేయుదురు.

ఇంత చవుకైన పరీక్షవలన ఫలమున్నదా యని ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998 మొదలుకొని శోధించిరి. ఆ నగరపు మురికివాడలలో 35 మొదలు 64 ఏండ్ల వయస్సుగల సుమారు 1,50,000 మంది స్త్రీలను రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి ఈ వ్యాధినిగూర్చి బోధ మాత్రము చేసిరి. రెండవ భాగమువారికి బోధతోపాటు రెండేండ్ల కొకసారి చొప్పున నాలుగు మారులు పరీక్షయు జరిపిరి. పరీక్ష చేసినవారు డాక్టర్లు కారు. పదవ తరగతియైనను చదివి, నాలుగు వారములు శిక్షణ పొందిన స్త్రీలు. (మా పదవ తరగతి బాలికలు ఈ మాటను గమనింతురుగాక.) ఇల్లిల్లు తిరిగి పిలువగా నూటికి 89 మంది వచ్చిరి. పరీక్ష జరిగిన భాగములో ఈ వ్యాధివలని మరణములు నూటికి 31 పాళ్లు తగ్గినవని 2014లో ప్రకటించిరి. బోధ వినిన రెండు భాగములకును ఇంత భేదము కలిగినది. బోధించుటయే వృత్తిగా గల మాకు ఇది కొంచెము చేదైన మాట. తెలిసికొనుట వేరు, పోవుట వేరు.

మన దేశములో పోవువారెందరు? 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలను అయిదేండ్ల కొకసారి పరీక్షింపవలెనని 2016లో కేంద్రప్రభుత్వమువారు నిర్ణయించిరి. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్లవారిలో ఎన్నడైన ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు. సిగ్గు మొదటి యడ్డంకి. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ప్రభువు వస్త్రమును జనసమూహములో వెనుకనుండియే గదా ముట్టినది! మన యూళ్లలో ఆ సిగ్గు నేటికిని పోలేదు. సిగ్గుపడువారికి ఒక సదుపాయము కలదు: వైరస్ పరీక్షకు కావలసిన నమూనాను చిన్న కుంచెతో స్త్రీ తనంతట తానే చాటున తీసి ఇయ్యవచ్చును. క్రిమి యున్నదనిన తమ శీలమునకు మచ్చ వచ్చునని మరికొందరు జంకుదురు. కాపురము చేయు స్త్రీపురుషులలో అత్యధికులకు అది ఎప్పుడో యొకప్పుడు సోకునదే గాని, ఒకరి నడతకు సాక్ష్యము కాదు.

“పోయినచో గర్భసంచి తీసివేయుదురు” అను భయము వేరొకటి. ఈ భయమునకు మన ప్రాంతమున కారణము లేకపోలేదు. గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు ఎక్కువగానున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు ముందు వరుసలో నున్నవి. తెల్లబట్ట కనబడగానే కేన్సరు వచ్చునేమోయని బెదరి, అప్పు చేసియైన ఆపరేషను చేయించుకొను తల్లులున్నారు. నిజమునకు ఆ బెదురును తీర్చునదే ఈ పరీక్ష. దానినుండి పారిపోయి కత్తికి తలయొగ్గుట ఎంత విపరీతము!

రొమ్ము కేన్సరు మన స్త్రీలలో దీనికంటెను ఎక్కువ. శిక్షణ పొందిన నర్సమ్మ అదే సమయమున చేతితో తడవి చూడగలదు. రొమ్ములోని గడ్డ తరచు నొప్పి పెట్టదు. నొప్పి లేదని ఊరకుండరాదు. ముట్లుడిగిన తరువాత రక్తము కనబడినను, సంసారానంతరము కనబడినను ముందస్తు పరీక్షకై వేచియుండక వెంటనే డాక్టరును చూడవలెను. బాల్యములో టీకా వేయించుకొన్నవారు సయితము పెద్దవారైన పిదప పరీక్ష మానరాదు. టీకా అన్ని జాతుల క్రిములను ఆపజాలదు.

ఏ దినమున, ఎచ్చట పరీక్ష జరుగునో మీ వాడ ఆశా కార్యకర్తను అడుగవచ్చును. ముట్టు దినములలో వెళ్లవద్దు. పరీక్షానంతరము ఇచ్చు కాగితము తరచు ఇంగ్లీషున నుండును. దానిని చదివి చెప్పుపని ఇంటిలోని హైస్కూలు పిల్లలది. ‘నెగటివ్’ అని యుండగా, అది చెడ్డ వార్తయని తలచి ఏడ్చిన తల్లులను మేమెరుగుదుము. దోషమేదియు కనబడలేదని ఆ మాటకు అర్థము. ‘పాజిటివ్’ అనగా కేన్సరున్నదని కాదు. తరువాతి పరీక్షకు రమ్మని. రమ్మన్న తేదీని ఇంటి కేలండరుపై అప్పుడే గుర్తుపెట్టి, ఆ దినమున అమ్మతోకూడ ఎవరైన వెళ్లవలెను.