తెగిన బాటలు – జాగుచేయు నిధులు

వరద వచ్చినపుడు ఇల్లు మునిగినవానిని లోకము చూచును. బాట తెగిన ఊరిని చూచువారు అరుదు. మునిగిన కుటుంబమునకు బియ్యము, బట్టలు, కొంత రొక్కము ఇప్పింపవలెనని అందఱును అందురు. ఆ బియ్యపు బస్తా ఊరు చేరుటకు బాట యుండవలెను గదా! ప్రసవవేదన పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చుటకును, కోసిన పంటను మార్కెట్టు యార్డునకు తోలుటకును, పాలను పట్టణమునకు పంపుటకును, పిల్లలు బడికి పోవుటకును ఆ బాటయే గతి. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనలో దివిసీమ అల్లాడినపుడు, కూలిన చెట్లతోడను తెగిన గట్లతోడను దారులు మూసికొనిపోవుటచే సహాయము చేరుట ఎంత కష్టమయ్యెనో పెద్దలు నేటికిని చెప్పుకొనుచుందురు. కావున ప్రకృతివైపరీత్యముచే చెడిన రహదారులను బాగుచేయుటకు ప్రభుత్వములు కేటాయించు అత్యవసర నిధి సహాయకార్యమంతటికిని మొదటి మెట్టు. ఆ నిధి ఎప్పుడు వచ్చుచున్నది? ఎంత వచ్చుచున్నది? దేనికి వినియోగపడుచున్నది? ఈ మూడు ప్రశ్నలను ప్రజలు గట్టిగా అడుగవలసియున్నది.

2024 నాటి అనుభవము

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కురిసిన కుంభవృష్టి ఇంకను మఱపునకు రాలేదు. బుడమేరు కట్టలకు గండ్లు పడి విజయవాడలో పేటలకు పేటలే నీట మునిగెను. మున్నేరు పొంగి ఖమ్మమును ముంచెను. ప్రకాశం బ్యారేజివద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహముతో పరవళ్లు త్రొక్కెను. ఆ బ్యారేజి కట్టినది మొదలు అంతటి ప్రవాహము నమోదు కాలేదు. నందిగామ చేరువనున్న ఐతవరమువద్ద మున్నేటి నీరు జాతీయ రహదారిపైకి ఎక్కుటచే హైదరాబాదు, విజయవాడల నడుమ రాకపోకలు స్తంభించెను. 2023 జూలైలోను ఆ చోటనే, ఆ యేటి నీటిచేతనే, ఆ రహదారియే నిలిచిపోయినదని చదువరులు గమనింపవలెను. దెబ్బ తగిలిన చోటనే మరల దెబ్బ తగులుచున్నది.

నష్టమును లెక్కించి రాష్ట్రప్రభుత్వములు ఢిల్లీకి నివేదికలు పంపినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తొలి అంచనాలో నష్టమును సుమారు 6,880 కోట్ల రూపాయలుగా చూపగా, అందులో రోడ్లు భవనముల శాఖ వంతే 2,164 కోట్లకు పైబడెను. తెలంగాణ ప్రభుత్వము చూపిన అంచనా సుమారు 10,320 కోట్లు. అందు రోడ్లు భవనముల శాఖకు కలిగిన నష్టము 7,693 కోట్లు, అనగా మొత్తములో దాదాపు నాలుగింట మూడు వంతులు. వరదనష్టమనగా పంటనష్టమని మాత్రమే తలచువారికి ఈ అంకెలు కనువిప్పు కాగలవు.

నిధి నడచు తీరు

ఇట్టి సమయములకై దేశమున ఒక ఏర్పాటు లేకపోలేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము రాష్ట్రములకు రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధియు, దానిపై జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధియు ఏర్పడినవి. రాష్ట్రనిధిలో నూటికి 75 వంతులు కేంద్రమువారును 25 వంతులు రాష్ట్రమువారును సమకూర్తురు. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు కేంద్రపు వంతు 90. పదునైదవ ఆర్థికసంఘమువారు 2021-26 సంవత్సరములకు రాష్ట్రముల విపత్తు నిధులకై మొత్తము 1,60,153 కోట్ల రూపాయలు నిర్ణయించిరి. అందు నూటికి 40 వంతులు తక్షణ సహాయమునకును, 30 పునర్నిర్మాణమునకును, 10 సన్నద్ధతకును, 20 ముందుజాగ్రత్త పనులకును విభజించిరి. కాగితముమీద ఈ విభజన మెచ్చదగినదే.

ఆచరణమున జరిగినదేమి? 2024 అక్టోబరు 1వ తేదీన కేంద్రమువారు పదునాలుగు రాష్ట్రములకు వరద సహాయముగా 5,858.60 కోట్లు విడుదల చేసిరి. అందు ఆంధ్రప్రదేశ్ వంతు 1,036 కోట్లు, తెలంగాణ వంతు 416.80 కోట్లు. ఇది చాలవఱకు రాష్ట్రములకు ఎటులను రావలసిన వాయిదాయే. అదనపు సహాయము, అనగా ఆంధ్రప్రదేశ్‌కు 608.08 కోట్లు, తెలంగాణకు 231.75 కోట్లు, మంజూరగునప్పటికి 2025 ఫిబ్రవరి నెల వచ్చెను. అదియును రాష్ట్రనిధిలో సంవత్సరారంభమున నున్న నిలువలో సగమును మినహాయించుకొను షరతుతో! శ్రావణమున తెగిన బాటకు మాఘమున మంజూరు వచ్చినది. ఈ నడుమ వరి కోతలు ముగిసినవి, సంక్రాంతి వెళ్లిపోయినది.

కాలయాపనకంటె పెద్ద లోపము మఱియొకటి కలదు. ఈ నిధినుండి సహాయము పొందుటకు విధింపబడిన నిబంధనల మూలసూత్రము తక్షణ స్వభావముగల మరమ్మతు. గండ్లు, గుంతలు పూడ్చుట; గొట్టములు వేసి నీటికి దారి కల్పించుట; కొట్టుకొనిపోయిన వంతెనప్రక్క తాత్కాలికముగా ప్రక్కదారి తీయుట; చెడిన భాగముపై కంకర పఱచి బండ్లు నడచునట్లు చేయుట — ఇట్టివి మాత్రమే అందు చేరును. 2015-20 కాలపు నిబంధనలలో రాష్ట్ర రహదారులకును ముఖ్య జిల్లా రహదారులకును కిలోమీటరు ఒక్కింటికి 1 లక్ష రూపాయలు, గ్రామీణ రహదారులకు 60 వేలు చొప్పున కట్టిరి. 2022లో నిబంధనలు సవరింపబడినను మూలసూత్రము మారలేదు. పది కిలోమీటర్ల పల్లెబాట పాడైనచో ఆ పాత లెక్క ప్రకారము చేతికి వచ్చునది 6 లక్షలు. ఆ సొమ్ముతో గుంతలు పూడునే కాని, బాట తెగుటకు కారణమైన ఇఱుకు తూము తీసివేసి వెడల్పుగా కట్టుట సాధ్యము కాదు. రాష్ట్రము పంపు అంచనా శాశ్వత నిర్మాణమునకు. కేంద్రము తూచు తూనికఱాయి తాత్కాలిక మరమ్మతునకు. అంచనాకును మంజూరునకును హస్తిమశకాంతరము కనబడుటకు ఇదియొక ముఖ్య కారణము.

బాట ఏల తెగును?

ఈ విషయమును తెలిసికొననిదే నిధుల వివాదము అర్థము కాదు. వానపడుటచేతనే తారురోడ్డు కొట్టుకొనిపోదు. నీరు నిలిచిన చోటను, నీటికి దారి చాలని చోటను అది చెడును. మన గొలుసుకట్టు చెరువులలో పై చెరువు తెగినచో ఆ నీరంతయు క్రింది చెరువుపై పడి, దానిని తెంచుకొని, వాగుపై నున్న కల్వర్టు మీదికి ఒక్కుమ్మడిగా వచ్చును. కల్వర్టు కన్ను చిన్నదైనచో నీరు రోడ్డు మీదినుండి పొరలి, ఆవలి ప్రక్క గట్టు మట్టిని కోసివేయును. మొదట అంచు జాఱును, పిమ్మట తారు క్రింద కంకర కదలును, తుదకు రోడ్డే గండి పడును. వంతెన నిలిచియుండియు దాని రెండు కొసల మట్టికట్ట కొట్టుకొనిపోయి, నడిమధ్య మంటపమువలె వంతెన ఒంటరిగా మిగులుట మన వాగులవద్ద తఱచుగా చూచునదే.

ఇట్టి చోట మట్టి పోసి, పైని కంకర పఱచి, తారు పూసినచో ఏమగును? మఱుసటి వానకాలమువఱకు బండ్లు నడచును. అటుపిమ్మట ఆ కన్నే, ఆ ఇఱుకే, ఆ గండియే. మొదటిసారి పెట్టిన సొమ్ము నీళ్లపాలు, రెండవసారి పెట్టునదియు నీళ్లపాలు. మూడు మరమ్మతుల వ్యయమును కూడినచో కొన్ని చోట్ల ఒక మంచి వంతెనయే లేచియుండును. పొదుపు పేరిట చేయు ఈ పని నిజమునకు దుబారా.

ఇతరుల పద్ధతి

దూరము పోనక్కఱలేదు, మన రైల్వేవారినే చూడుడు. ఆ 2024 వరదలోనే మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల మధ్య పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. సెప్టెంబరు 4వ తేదీనాటికి ఆ మార్గమున బండ్లు మరల కదలినవి. రైల్వేవారికి స్వంత ఇంజనీర్లు, నిలువయుంచిన రాయి, సిద్ధమైన మనుష్యులు కలరు; కేంద్రబృందము వచ్చి కొలతలు చూచిపోవువఱకు పని ఆపవలసిన అగత్యము వారికి లేదు. ఆ కట్టకు కొలది మైళ్ల దూరముననున్న పల్లెబాటకు ఈ భాగ్యమేల లేదు?

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఫెడరల్ సహాయముతో నడచు రహదారులకై ప్రత్యేకముగా ఒక అత్యవసర సహాయనిధి కలదు. ఏటేట 10 కోట్ల డాలర్లు దానికి చట్టరీత్యా కేటాయింపబడియుండును. విపత్తు జరిగిన 270 దినములలోపల రాకపోకలను పునరుద్ధరించుటకు చేయు మరమ్మతుల వ్యయము పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వమే భరించును. శాశ్వత పనులకు అంతర్రాష్ట్ర రహదారులలో సాధారణముగా నూటికి 90 వంతులు, ఇతర రహదారులలో 80 వంతులు ఇచ్చును. తక్షణ పనియు శాశ్వత పనియు రెండును ఒకే చట్టమున చోటు పొందియున్నవి. పైగా, సమగ్రమైన అంచనా సిద్ధము కాకమునుపే కొంత సొమ్మును విడుదల చేయు సంప్రదాయము అచట కలదు. 2024 మార్చి 26వ తేదీన బాల్టిమోరులో ఓడ తగిలి పెద్ద వంతెన కూలగా, రెండు దినములలోనే 6 కోట్ల డాలర్లు మంజూరైనవి. ఆ ఏర్పాటులో లోపములు లేవని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఏటి నిధి చాలక బకాయిలు పేరుకొనుటయు, 2024 డిసెంబరులో వారి కాంగ్రెసు సుమారు 800 కోట్ల డాలర్లను అదనముగా మంజూరు చేయవలసివచ్చుటయు జరిగినవి. అయినను, మొదట దారి తెఱువుము, పిమ్మట లెక్క సరిచూడుము అను వారి సూత్రము మనకు అనుసరణీయము.

మనదేశమునను పునర్నిర్మాణమునకు నూటికి 30 వంతులు కేటాయించియున్నారు గదా యని కొందఱు అనవచ్చును. నిజమే. కాని 2023 వానకాలమున కొండచరియలు విఱిగిపడి రోడ్లు, వంతెనలు కోల్పోయిన హిమాచలప్రదేశమునకు ఈ పద్దు క్రింద 2,006.40 కోట్ల రూపాయలు ఆమోదింపబడినది 2025 జూన్‌లో. మఱియొక వానకాలము ఆ నడుమ గడిచిపోయినది. పద్దు ఉండుట వేఱు, పని జరుగుట వేఱు.

ఆక్షేపములు, సమాధానము

కేంద్రపు పక్షమున చెప్పదగిన మాటలును లేకపోలేదు. ఏటేట చేయవలసిన నిర్వహణ మరమ్మతులను మానివేసి, అంతకుముందే చెడియున్న రోడ్డును వరదపద్దులో వ్రాయుట కద్దని వారి అనుమానము. అంచనాలను ఉబ్బించి పంపిన సగమైన వచ్చునను వ్యాపారబుద్ధి కొన్ని కచ్చేరీలలో లేకపోలేదు. ఇంజనీరు కొలతల పుస్తకమున వ్రాసిన కంకర అంతయు రోడ్డుమీదికి రాదని పల్లెలలో పసిపిల్లవానికిని తెలియును. మఱొకవంక, పాత బిల్లుల సొమ్ము అందని చిన్న కాంట్రాక్టరు కొత్త టెండరునకు ముందుకు రాడు. వచ్చినను పని సాగదీయును. ఈ దోషములను మన రాష్ట్రములు మొదట సరిదిద్దుకొననిచో ఢిల్లీని నిందించు హక్కు మనకు తగ్గును.

అయితే అనుమానమునకు మందు జాగు కాదు, వెల్లడి. ఏ గ్రామపు బాట ఏ చోట ఎంత తెగినది, దానికి ఎంత మంజూరైనది, పని ఎవరికి అప్పగింపబడినది, ఎప్పటికి ముగియవలెను, ఎన్ని సంవత్సరములు కాంట్రాక్టరు పూచీ వహింపవలెను — ఈ వివరములను పనిచోటనే తెలుగున బోర్డుపై వ్రాయించి, గ్రామసభలో చదివి వినిపించినచో, పైనుండి వచ్చు తనిఖీదారులు పదిమంది చేయలేని కాపలా ఊరివారే చేయుదురు.

చేయవలసినది

మొదటిది: జిల్లా కలెక్టరు ధ్రువీకరించిన వెంటనే, పూర్తి అంచనాలకై వేచియుండక, దారి తెఱచుటకు కావలసిన మొదటి వాయిదా వారము దినములలో జిల్లాకు చేరవలెను; లెక్కలు పిమ్మట సరిచూచుకొనవచ్చును. సహాయ సామగ్రిని టెండరు లేకయే కొనుటకు 2005 నాటి చట్టమే వెసులుబాటు కల్పించుచుండగా, తెగిన బాటపై నాలుగు గొట్టములు వేయుటకు నెలల తరబడి దస్త్రములు త్రిప్పుట అర్థరహితము.

రెండవది: ప్రతి జిల్లాలోను తఱచుగా తెగు చోట్ల పట్టిక యొకటి యుండవలెను. ఐదేండ్లలో రెండుసార్లు తెగిన చోట మూడవసారి మట్టి పోయుటకు సొమ్ము ఇయ్యరాదు. అచట కన్ను పెంచిన కల్వర్టునకో, ఎత్తైన వంతెనకో మాత్రమే పునర్నిర్మాణ నిధినుండి ఇయ్యవలెను.

మూడవది: రోడ్డును నీటిపారుదల శాఖతో సంబంధము లేనిదానివలె చూడరాదు. చెరువు కట్టయు, వాగు పూడికయు, కల్వర్టు కన్నును ఒకే ప్రవాహమునకు చెందిన అంగములు. ఒకటి చెడినచో మిగిలినవి నిలువవు.

రోడ్డు గ్రామస్థునికి ప్రభుత్వము పెట్టు భిక్ష కాదు. అతడు కొను డీజిలుపై, అమ్ము సరకుపై, నడుపు బండిపై పన్ను చెల్లించియే యున్నాడు. ఆ పన్నునుండి తిరిగి రావలసినది నిబంధనల చిక్కులలో ఆఱు నెలలు చిక్కుకొని, తుదకు ఒక్క వానకాలము నిలువని మరమ్మతుగా అతని ఊరు చేరుట న్యాయము కాదు. నైరుతి ఋతుపవనము ఏటేట తప్పక వచ్చును; అది మంజూరు ఉత్తరువులకై వేచియుండదు. దానికంటె ముందుగా కదలుట నేర్చిన ప్రభుత్వమే ప్రజల విశ్వాసమునకు పాత్రము కాగలదు.